నాయన సంచిలో వెడ్జ్‌లు

పొద్దున దీపం పెట్టాక దేవుడు నాకిచ్చినవాటిని పేరుపేరునా చెప్పుకోవడం చిన్నప్పటి నుంచీ అలవాటు. కళ్లు, కాళ్లు, ఇంట్లో నీళ్లు, మా ఆయన ఉద్యోగం, నాయన ఊపిరి. ఆ వరుసలో చెల్లెలు కూడా ఉంటుంది. ఒక ఎండాకాలం మాత్రం ఆమె దగ్గరికి వచ్చేసరికి నా నోరు ఆగిపోయేది. దాటేసి తర్వాతిదానికి పోయేదాన్ని. ఇంతమంది మొక్కులు వినేవాడు ఒక్క మాట తగ్గితే గమనిస్తాడా అని సర్దిచెప్పుకునేదాన్ని.

కారణం చెబితే నవ్వుతారు. కంప్యూటర్లో ఆడే గోల్ఫ్ ఆట. ఆ ఆటలో నాయన కర్రల సంచిలో ఏ వెడ్జ్‌లు పెట్టుకోవాలనే దాని మీద వచ్చిన పట్టింపు.

మాది ఆళ్లగడ్డ. నాయన రాతి విగ్రహాలు చెక్కేవాడు. ఆరేళ్లప్పుడు నాకు పెద్ద జబ్బు చేసి రెండేళ్లు మంచం మీదే ఉన్నాను. లేచి తిరిగే నాటికి నా ఈడు పిల్లలు మూడో తరగతిలో ఉన్నారు. చిన్నపిల్లల మధ్య ఒకటిలో కూర్చోనని ఏడ్చాను. నాయన మళ్లీ బడి మాట ఎత్తలేదు. తను చెక్కే చోట పక్కనే గోనెపట్టా పరిచి, విరిగిన రాతిపలక ఒకటి ఒళ్లో పెట్టి, బొగ్గుతో అక్షరాలు దిద్దించాడు. ఎనభైల చివరి సంవత్సరాలవి. నా ఎక్కాలన్నీ విగ్రహం కొలతలతోనే వచ్చాయి. ముఖం ఇంత ఉంటే నిలువు ఎంత, భుజం నుంచి మోచేతికి ఎంత. స్తోత్రాలన్నీ ఆ రాతిదుమ్ములోనే నోటికి వచ్చాయి. నాయన సుత్తి దెబ్బకు ఒక పాదం చొప్పున చదివించేవాడు. ఇప్పటికీ నేను తొందరగా చదవలేను.

చదువు కంటే నాకు ఇష్టమైన పని ఉలులు అందించడం. నాయన దగ్గర ఇరవై పైనే ఉండేవి. మొనదేలినవి, పలకలాంటివి, పళ్లున్నవి, వేలంత సన్నవి. కొత్తలో ఏది కావాలో చెప్పేవాడు. నాకు పన్నెండేళ్లు వచ్చేసరికి చెప్పడం మానేశాడు. రాయి మీది నుంచి చూపు తిప్పకుండా చేయి చాచేవాడు, నేను పెట్టేదాన్ని. అది సరైనదే అయి ఉండేది. చెక్కడం నేర్పమని నేను అడగలేదు, ఆయన నేర్పుతాననలేదు. అందించడమే నాకు పెద్ద హోదా.

చెల్లెలు నా కంటే ఐదేళ్లు చిన్నది. రెండు జడలు వేసుకుని, సంచి తగిలించుకుని బడికి పోయేది. తర్వాత రోజూ బస్సులో నంద్యాలకు పోయి డిగ్రీ చదివింది. ఆమె మీద నాకు అప్పుడు కుళ్లు లేదు. ఆమెకు బడి, నాకు నాయన. ఆ పంపకం నాకు బాగానే ఉండేది.

నా పెళ్లితో అది తిరగబడింది. మా ఆయన నంద్యాలలో విత్తనాల గోదాములో పని చేస్తాడు. మంచివాడు, నెమ్మదస్తుడు. ఆ మాట రోజూ దేవుడి ముందు చెప్పుకుంటాను. నేను నంద్యాలకు వచ్చేశాను. చెల్లెలిని ఆళ్లగడ్డలోనే, మా వీధికి రెండు వీధుల అవతల, శిల్పం పనిచేసే ఇంటికే ఇచ్చారు. అమ్మ పోయాక నాయన ఆమె దగ్గరే ఉండిపోయాడు. కొన్నాళ్లకు రాతిదుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో పేరుకుందని, పని జరిగే పాక దరిదాపులకే పోవద్దని డాక్టరు చెప్పాడు. దానికి తోడు కుడిచేయి వణకడం మొదలైంది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, ఉలి పట్టకుండా వసారాలో కూర్చుని, రోడ్డు మీద పోయే కడప బస్సులను చూస్తుండేవాడు.

చెల్లెలు ఇంట్లో కంప్యూటర్ పెట్టుకుంది. విగ్రహాలు చేయించుకునేవాళ్లకు ముందే బొమ్మ గీసి చూపిస్తే వాళ్లకు నచ్చుతుందని ఆ పని నేర్చింది. నెట్ కనెక్షన్ కూడా వచ్చింది. రెండువేల ఎనిమిదో, తొమ్మిదో. ఒక మధ్యాహ్నం ఆమె ఏదో ఊసుపోక గోల్ఫ్ ఆట తెరిచిందట. పచ్చిక మీద వాలు ఎటుందో చూపించే గీతలు తెర మీద కనబడ్డాయట. వెనక నిలబడ్డ నాయన, బంతి ఎడమకు పోతుంది చూడు అన్నాడట. పోయింది. మళ్లీ చెప్పాడు, మళ్లీ పోయింది. నలభై ఏళ్లు రాతి మీద ఎత్తుపల్లాలు చూసిన కన్ను అది. ఆ రోజు నుంచి నాయన ఆ కుర్చీ వదల్లేదు.

ఆట నాయనకు అర్థమైంది గానీ ఆడటానికి చేయి సహకరించదు. మౌస్‌ని మూడుసార్లు నొక్కాలి. మొదటిది కర్ర ఎత్తడానికి, రెండోది బలం ఎంతో తేల్చడానికి, మూడోది కదిలే ముల్లును సన్నటి గీత మీద ఆపడానికి. గీత తప్పితే బంతి పక్కకు పోతుంది. కాబట్టి ఏ కర్ర, ఎటు, ఎంత అనేవి నాయన చెప్పేవాడు, నొక్కేది చెల్లెలు. ఇద్దరూ కలిసి ఒక ఆటగాడు. ప్రతి ఆదివారం పదకొండు గంటలకు ఎక్కడెక్కడి వాళ్లతోనో పోటీ. అలా ఎనిమిది వారాల పోటీ ఒకటి నడుస్తుండేది. నాయన దానికి స్నానం చేసి, విభూతి పెట్టుకుని కూర్చునేవాడు.

నేను ఆదివారాలు నంద్యాల నుంచి బస్సెక్కి వచ్చేదాన్ని. మొదటిసారి చూసినప్పుడు గుమ్మంలోనే ఆగిపోయాను. రెండు కుర్చీలు, రెండు తలలు దగ్గరదగ్గరగా. నాయన గొంతు తగ్గించి ఏదో చెబుతున్నాడు, చెల్లెలు తల ఊపుతోంది. నేను వచ్చిన సంగతి ఇద్దరికీ తెలియదు. ఆయన పక్కన కూర్చోవలసిన చోటు నాది. నా చోటులో ఆమె, నైటీ మీద టవలు వేసుకుని, బెండకాయలు సగం తరిగి వచ్చి కూర్చుంది. నాకు ఎంత పెద్ద సంగతో ఆమెకు అంత మామూలు. నా కడుపు మండింది అందుకే.

ఆటలో సంచికి పద్నాలుగు కర్రలే. దూరం కొట్టే పొడుగు కర్రలు, నడిమివి, చివర గుంటలోకి దొర్లించేది, ఆటవాళ్లే ఇచ్చే పిచింగ్ వెడ్జ్ అనేదీ కలిపి పదకొండు పోతాయి. మిగిలినవి మూడు చోట్లు. వాటికి నాలుగు వెడ్జ్‌లు ఉన్నాయి. వెడ్జ్ అంటే దగ్గరి నుంచి బంతిని పైకి లేపి మెత్తగా దింపే కర్ర. ఒక్కోదాని మీద ఒక అంకె, దాని ముఖం వాలు ఎంతో చెప్పేది. యాభై రెండు, యాభై ఆరు, అరవై, అరవై నాలుగు. ఒకటి వదలాలి. ఏది?

ఇది నాకు చేతనైన పని అనుకున్నాను. ఇరవై ఉలుల్లో కావలసినది చూడకుండా తీసినదాన్ని. మొదటివారం నంద్యాల నుంచే ఫోన్ చేసి, ఒక్కో కర్రకు బంతి ఎంత దూరం పోతుందో నాయనను అడిగాను. ఇంకా వెడ్జ్‌లు ఎక్కువ వాడలేదు, దూరాలు తెలియవన్నాడు. అయితే గుంట వంద గజాల దూరంలో ఉంటే అరవై నాలుగు తీయమని చెప్పాను. నా లెక్క ఉలి లెక్క. ఉలిని వాల్చి పడితే పైపైన గీరుతుంది, నిలువుగా పట్టేకొద్దీ లోతుకు దిగుతుంది. అంకె పెద్దదైతే నిలువు ఎక్కువ, దెబ్బ గట్టిదని అనుకున్నాను. నాయన కూడా అట్లే అనుకున్నాడు, ఆయనదీ అదే లెక్క కదా. ఆదివారం వంద గజాల దూరానికి అరవై నాలుగుతో కొట్టించాడు. బంతి నిట్టనిలువునా ఆకాశానికి లేచి, సగం దారిలో ఇసుకగుంతలో పడింది. గోల్ఫ్‌లో అంకె పెరిగేకొద్దీ కర్ర ముఖం వెనక్కి వాలుతుంది. బంతి ఎత్తు ఎక్కువ, దూరం తక్కువ. మా లెక్కకు సరిగ్గా తిరుగుడు.

చెల్లెలు నవ్వింది. పెద్దగా ఏమీ కాదు, పళ్లు కనబడేంత. "నువ్వు ఆకాశంలో యాడన్నా విగ్రహం చెక్కుతాండావా అక్కా?" అంది. నాయన కూడా నవ్వాడు. ఇద్దరూ కలిసి నవ్వారు. ఆ తర్వాత ఆమె కూర్చుని ఒక్కో వెడ్జ్‌తో పదిసార్లు కొట్టి దూరాలు రాసి పెట్టింది. పిచింగ్ వెడ్జ్ నూట ఇరవై గజాలు. యాభై రెండు వంద. యాభై ఆరు ఎనభై ఐదు. అరవై డెబ్బై. అరవై నాలుగు యాభై ఐదు. రాసిన కాగితం గోడకు అంటించింది. అరవై నాలుగు వదిలేద్దామంది. నాయన సరేనన్నాడు.

అక్కడితో నేను ఊరుకోవలసింది. ఊరుకోలేదు. ఇసుకగుంతల్లో పడితే బయటికి తీయడానికి అరవై నాలుగే దిక్కని, వంద గజాలు కావాలంటే పిచింగ్ వెడ్జ్‌నే బలం తగ్గించి కొట్టొచ్చని, కాబట్టి వదలాల్సింది యాభై రెండు అని వాదించాను. అందులో కొంత నిజం ఉంది. మిగిలినదంతా ఉక్రోషం. రోజూ క్యాలెండర్ కాగితం వెనక అంకెలు వేసేదాన్ని, నాయనకు ఫోన్ చేసేదాన్ని. మా ఆయన భోజనం ముందు పెట్టుకుని ఓపిగ్గా వినేవాడు. విత్తనాల మనిషికి వెడ్జ్‌లతో ఏం పని, అయినా విన్నాడు.

నాయన రెండు వారాలు విని, మూడో వారం చెప్పాడు. "చిన్నపాప చెప్పిందే పెట్టినాలే. వంద గజాల కాడ మనకి శానాసార్లు పడతాండాది."

ఇంట్లో నన్ను పెద్దపాప అని, ఆమెను చిన్నపాప అని పిలిచేవాడు. ఆ 'చిన్నపాప చెప్పింది' అనే మాట వారమంతా నా వెంట తిరిగింది. పూజలో కూడా.

ఏడో ఆదివారం తొందరగా వచ్చాను. అప్పటికి మాది మూడో స్థానం. ఆ రోజు గెలిస్తే రెండోది. నాయన పెరట్లో స్నానానికి నీళ్లు తోడుకుంటున్నాడు. చెల్లెలు వంటింట్లో ఉంది. ముందుగదిలో కంప్యూటర్ తెరిచే ఉంది. సంచి బొమ్మ కూడా తెర మీదే ఉంది. నాకు మౌస్ పట్టుకోవడం అప్పటికి బాగానే వచ్చు. యాభై రెండును తీసి బయట పెట్టాను. అరవై నాలుగును లోపల పెట్టాను. ఇసుకలో పడితే చూద్దురు గాని, అప్పుడు నా మాట గుర్తొస్తుంది అనుకున్నాను. మనసులో దేవుణ్ని తలుచుకోలేదు. తలుచుకుంటే చేయి వెనక్కి వచ్చేదని తెలుసు.

పద్దెనిమిది గుంటల ఆట. పదిహేడు అయ్యేసరికి సమానం. విచిత్రం ఏమంటే ఒక్కసారి కూడా ఇసుకలో పడలేదు, వంద గజాల అవసరమూ రాలేదు. చివరి గుంటకు రెండో దెబ్బ ఆగిన చోటు, గుంటకు సరిగ్గా వంద గజాలు. గాలి లేదు. నాయన ముందుకు వంగాడు.

"యాభై రెండు. నిండా కొట్టు."

చెల్లెలు వెతికింది. కిందికి పోయింది, పైకి వచ్చింది. "లేదే నాయనా" అంది. నాయన కళ్లజోడు సర్దుకుని తెర దగ్గరికి మొహం పెట్టి చూశాడు. యాభై ఆరు, అరవై, అరవై నాలుగు. ఆట మొదలయ్యాక మార్చనివ్వరు. కొట్టడానికి ఇచ్చే సమయం ఒక పక్కన తగ్గిపోతోంది. నేను వెనక నిలబడి ఉన్నాను.

"ఎవురు ముట్టినారు సంచి?" అన్నాడు నాయన, వెనక్కి చూడకుండానే.

"నేనే మార్చింటి, పొద్దన. మళ్లా పెట్టడం మర్చిపోయినా" అంది చెల్లెలు. అంత సులువుగా అంది.

పిచింగ్ వెడ్జ్ తీసి బలం తగ్గించి కొట్టమన్నాడు. బలం ఐదు వంతుల్లో నాలుగు దాటగానే ఆపాలి. ఆమె వేలు ఒక్క క్షణం ఆలస్యమైంది. బంతి గుంటను దాటి, పచ్చికను దాటి, వెనక పొదల్లోకి పోయింది. ఓడిపోయారు. నాయన చెల్లెలిని తిట్టాడు. పనిముట్లు సరిచూసుకోకుండా పనికి కూర్చునే మనిషి ఇంట్లో ఉంటే ఇల్లు ఇట్లే ఉంటుందన్నాడు. ఇంకా ఏవేవో అన్నాడు. ఆమె తల వంచుకుని, గోటికంటిన పసుపు గీకుకుంటూ విన్నది.

నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను. నాయన ఆమెను తిడుతుంటే మొదటి రెండు నిమిషాలు నాకు హాయిగా ఉంది. నన్ను ఎప్పుడూ పని విషయంలో ఒక్క మాట అనలేదు ఆయన. ఇదిగో, ఈమెను అంటున్నాడు. ఆ హాయి తగ్గాక గానీ, ఆమె నా నేరం తన మీద వేసుకుందన్న సంగతి నాకు పూర్తిగా ఎక్కలేదు. అప్పుడు చెప్పొచ్చు. చెప్పలేదు. అన్నం తిని, రెండు గంటల బస్సుకు వచ్చేశాను.

సోమవారం, మంగళవారం దీపం ముందు కూర్చున్నాను. ఇచ్చినవి చెప్పుకుందామంటే మొదటి మాటే రాలేదు. చెల్లెలిని దాటేసే మనిషి కళ్లకూ కాళ్లకూ ఏమని దండం పెడుతుంది? బుధవారం పొద్దున ఇల్లు ఊడ్చి, చీపురు మూలకు పెట్టి, నాయనకు ఫోన్ చేశాను. సంచి మార్చింది నేనే అని చెప్పాను.

"తెలుసులే" అన్నాడు. "అరవై నాలుగు వద్దని నెలనాళ్లు కొట్లాడింది ఆ యమ్మి. అది పెడతాదా?"

మరి ఆమెను ఎందుకు తిట్టావని అడిగాను.

"అబద్ధం చెప్పినందుకి తిట్టినా. సంచికి కాదు." కాసేపు దగ్గాడు. దగ్గు తగ్గేదాకా నేను ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుని ఉన్నాను. "నువ్వెందుకు చేసినావు మే?"

ఏం చెప్పాలో ముందే అనుకుని పెట్టుకున్న మాటలు ఉన్నాయి. అవేవీ రాలేదు. "నీకు అందించేదాన్ని నేను గదా నాయనా" అన్నాను.

ఆయన మెల్లగా, నాకు లెక్కలు చెప్పేటప్పటి గొంతుతో అన్నాడు. "అప్పుడు నాకేం కావాల్నో చూసి అందిస్తాంటివి. ఈడ నీకేం కావాల్నో చూసినావు. అంతే తేడా."

కోపం లేదు ఆ మాటలో. ఉంటే బాగుండు అనిపించింది. ఫోన్ చెల్లెలికి ఇమ్మన్నాను. ఆమెకు ఏమని చెప్పుకోవాలో తెలియక, నా కోసం ఎందుకు అబద్ధమాడావు, నువ్వు పెద్దమనసు చేసినావు, నేను తప్పు చేశాను అని ఏదో గొణిగాను.

"పెద్దమనసు లేదు, పాడూ లేదు" అంది చెల్లెలు. "పొయ్యి మీద పప్పు పెట్టొచ్చింటి. ఎవురు ముట్టినారు, ఎవురు ముట్టినారు అని ఆయప్ప మొదలుపెడితే అర్ధగంట తెగదు. నేనే అంటే బేగా అయిపోతాదని అన్న్యా. ఐనా పప్పు మాడిపోయె."

నేను నెల రోజులు కుమిలిపోయిన సంగతి ఆమెకు పప్పు అంత కూడా కాదు. అదీ నాకు కుళ్లే. నాయన పక్కన ఉండటం ఆమెకు అంత తేలిక.

చివరి ఆదివారానికి వెడ్జ్‌లు నువ్వే చెప్పక్కా, ఆయనతో నాకు పడదు అంది. అప్పుడు ఒక ప్రశ్న అడిగాను. ఇన్నాళ్లూ దూరాలు అడిగాను, గాలి అడిగాను, ఇసుక అడిగాను, ఇది మాత్రం ఎవరం అడగలేదు. నీ వేలికి ఏది బాగా ఆగుతుంది?

ఆమె కొంచెం ఆలోచించింది. "యాభై రెండు, యాభై ఆరు అయితే భయం ల్యాకుండా నొక్కుతా. అరవై నుంచి గీత వెంట్రుకంత ఉంటాది. గుండె దడదడ అంటాది. నాయన అడుగుతాడని పెట్టుకుంటా గానీ, అది నొక్కిన ప్రతిసారీ దేవునికి మొక్కుకుంటా."

ఆమె దేవుడికి మొక్కుకుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

నాయనకు మళ్లీ ఫోన్ ఇమ్మని, అరవై నాలుగు తీసేయమన్నాను. అరవై కూడా తీసేసి, ఆ చోట పొడుగు కర్ర ఒకటి పెట్టుకోమన్నాను. యాభై రెండు, యాభై ఆరు చాలు. నాయన ఒప్పుకోలేదు. ఇసుకలో పడితే ఎట్ల తీసేది అన్నాడు. యాభై ఆరుతోనే తీయి, ఆ యమ్మి వేలికి అది అలవాటు అన్నాను. చివరికి ఒక్క మూలుగు లాంటి "ఊ" వినబడింది.

ఆ ఆదివారం నేను పదకొండుకు ముందే చేరుకున్నాను. సంచి చూడలేదు, మౌస్ ముట్టలేదు. వంటింట్లో పొయ్యి దగ్గర ఏమీ మాడకుండా చూసి, కట్టేసి వచ్చి, రెండు కుర్చీల వెనక నిలబడ్డాను. ఆ రోజు రెండుసార్లు ఇసుకలో పడింది. రెండుసార్లూ యాభై ఆరుతోనే తీశారు. ఒకటి సరిగ్గా రాలేదు. పొడుగు కర్ర మాత్రం మూడు గుంటల్లో కాపాడింది. చివరి గుంట దగ్గర ఎనభై ఐదు గజాలు మిగిలింది. అవతలివాళ్ల బంతి అప్పటికే గుంటకు దగ్గరగా ఉంది.

"యాభై ఆరు" అన్నాడు నాయన. "రెండు మూరలు ఎడమకి పెట్టు. వాలు అదే తెచ్చిస్తాది."

చెల్లెలు భుజాలు దించి, ఊపిరి వదిలి, మూడుసార్లు నొక్కింది. మూడోసారి గీత మీద సరిగ్గా ఆగింది. బంతి లేచింది, ఎడమకు దిగింది, వాలు వెంట మెల్లగా కుడికి తిరిగి, గుంటకు జానెడు దూరంలో ఆగింది. మిగిలిన దెబ్బ ఎవరైనా కొట్టగలరు.

నాయన బిగపట్టిన ఊపిరి వదిలి నవ్వాడు. చెల్లెలు ఆయన మోకాలి మీద ఒక్కటి చరిచింది. ఇద్దరూ ఒకరి వైపు ఒకరు తిరిగి, గెలిచిన పిల్లల్లాగా, ఆ వాలు గురించీ ఆ గీత గురించీ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. నేను వాళ్ల వెనకే ఉన్నాను. ఈసారి ఏం కావాలో సరిగ్గానే చూశాను. ఎవరికి కావాలో కూడా చూశాను. నాకు సంతోషంగానే ఉంది, దేవుడి తోడు. అయినా ఇద్దరిలో ఒక్కరైనా ఒకసారి వెనక్కి తిరిగి చూస్తారేమోనని, వాళ్ల మాటలు అయిపోయేదాకా అక్కడే నిలబడ్డాను.